హంగేరీ అమ్మాయి మోకాలు

పోయిన శనివారం మధ్యాహ్నం, నార్త్ కరోలినా మోరిస్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో, భోజనాలయ్యాక నేను సోఫాలో నడుం వాల్చి ఉండగా మా మనవరాలు టీవీలో ఏదో స్కేటింగ్ పోటీ పెట్టింది. పదకొండేళ్ళ పిల్ల, వారానికి రెండుసార్లు ఇక్కడి రింకుకి వెళ్ళి నేర్చుకుంటోంది కనక దానికి ఆ ఆటలో తనకి తెలియనిది లేదన్న నమ్మకం. ఒక జంట మంచు మీదకి వచ్చి చేతులు కలుపుకుని కదలడం మొదలుపెట్టగానే మొహం చిట్లించి, "అమ్మమ్మా, ఇది ఐస్ డాన్స్. దీన్లో జంప్స్ ఉండవు. సో బోరింగ్," అని రిమోట్ నా చేతిలో పెట్టి మేడ మీదకి వెళ్ళిపోయింది. వంటింట్లోంచి మా అమ్మాయి, "అమ్మా, ఛానెల్ చేంజ్ చెయ్యనా?" అని అడిగింది. వద్దన్నాను. ఆ జంట ఆట అయిపోయేదాకా చూశాను. జంటలోని అమ్మాయి ఎడమ మోకాలి మీదనుంచి నా చూపు పక్కకి పోలేదు. ఆ అమ్మాయి మోకాలికి ఏమీ కాలేదు, నవ్వుతూ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. అప్పుడు గానీ నేను రిమోట్ కింద పెట్టలేదు.

ఈ సంగతి నేను మా ఆయనకి కూడా సగమే చెప్పాను. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు మిగతా సగం చెప్పినా వినేవాళ్ళకి నష్టం లేదు కనక, నా ఈడువాళ్ళు నలుగురు చదువుతారన్న ఆశతో రాస్తున్నాను.

నేను గుంటూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదువుకుని, డెబ్భైల చివర్లో ఈ దేశం వచ్చాను. న్యూయార్క్ అంటే అందరూ ఆకాశాన్నంటే మేడలనుకుంటారు గానీ నాకు ఉద్యోగం దొరికింది ఆ రాష్ట్రం పైకొసన, కెనడా సరిహద్దు పక్కన, పేరు చెప్పినా ఎవరికీ తెలియని ఊళ్ళో. అక్టోబరులో మొదలైన మంచు ఏప్రిల్ దాకా కరిగేది కాదు. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే ఆపరేటరుకి ముందుగా బుక్ చేసి, లైను దొరికాక గొంతు చించుకుని అరిచి, బాగున్నారా అంటే బాగున్నాం అన్న మాట వినేసరికి సమయం అయిపోయే రోజులు. మీలో చాలామందికి అవి గుర్తుండే ఉంటాయి. తెలుగు మాట వినాలంటే నెలకో ఆదివారం మూడు గంటలు డ్రైవ్ చేసుకుని ఒక కుటుంబం ఇంటికి ప్రార్థనకి వెళ్ళాలి. మిగతా రోజులన్నీ ఆసుపత్రి, ఎముకల వార్డు, ఇల్లు.

ఇల్లంటే ఒక హంగేరీ ఆవిడ ఇంట్లో మేడ మీద గది. ఆవిడ పందొమ్మిదివందల యాభైల్లో వాళ్ళ దేశంలో తిరుగుబాటు అణిగిపోయినప్పుడు భర్తతో కలిసి పొలాలకి అడ్డంపడి సరిహద్దు దాటి వచ్చిందట. నేను వెళ్ళేనాటికి భర్త లేడు, పిల్లలు లేరు. ఎక్కువ మాట్లాడేది కాదు గానీ వంట బ్రహ్మాండంగా చేసేది. మనలాగే ప్రతిదానిలోనూ ఎర్రటి కారం చెంచాలకొద్దీ వేసేది. మొదటిసారి ఆ రంగు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది, నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంది, పాప్రికా అనే ఘాటులేని మిరపపొడట. మరుసటి వారం మా అమ్మ పంపిన గుంటూరు కారం ఆవిడ తన కారమనుకుని అదే కొలతలో వేసి, ఒక ముద్ద తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఒక్క మాటైనా అనకుండా గిన్నె ఖాళీ చేసింది. ఆవిడ స్వభావం అలాంటిది.

నేను చేరిన రెండో చలికాలంలో ఒక ఉదయం కిందకి దిగేసరికి వంటింట్లో బల్ల ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై ఒక్క ఏళ్ళుంటాయి, నాకంటే మూడేళ్ళు చిన్న. సన్నగా, నిటారుగా, మెడ ఎవరో పైకి లాగిపట్టినట్టుగా కూర్చుంది. ఒళ్ళో ఒక సంచి. కోటు విప్పలేదు, సంచి దించలేదు. ఆ సంచిలో ఉన్నవి రెండు స్కేటింగ్ బూట్లు. అవి తప్ప ఆ అమ్మాయికి ఈ దేశంలో మరో వస్తువు లేదని ఇంటావిడ నన్ను పక్కకి పిలిచి చెప్పింది.

ఆ అమ్మాయిదీ హంగేరీయే, ఆ దేశం తరఫున ఐస్ డాన్స్ ఆడేది. మా మనవరాలు బోరింగ్ అన్న ఆ ఆటని నాకు నేర్పినట్టుగా చెప్పింది ఆమే. గాల్లోకి ఎగరడం, మూడుసార్లు తిరగడం అందులో ఉండవు. ఒక ఆడా మగా సంగీతానికి తగ్గట్టు మంచు మీద నాట్యం చెయ్యాలి, వీలైనంత వేగంగా, వీలైనంత దగ్గరగా. బూటు కింద బ్లేడుకి రెండు అంచులుంటాయనీ, మనిషి ఎప్పుడూ ఏదో ఒక అంచు మీద ఒరిగి ఉండాలనీ, ఇద్దరూ ఒకే కోణంలో ఒరిగితేనే చూసేవాళ్ళకి ఒకే మనిషిలా కనిపిస్తారనీ చెప్పేది. ఆట అయ్యాక మంచు మీద పడ్డ తెల్లటి గీతల దగ్గర గొంతుకూర్చుని వేళ్ళతో వాటి మధ్య ఎడం కొలిచేది. తొమ్మిదో ఏటనుంచి తనతో ఆడిన బుడాపెస్ట్ అబ్బాయితో ఆ గీతల మధ్య తన అరచెయ్యి కూడా పట్టేది కాదట.

ఆ అబ్బాయి సంగతి చెప్పడానికి ఆమెకి ఏడాది పట్టింది. ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటే గుమ్మంలో నిలబడి చెప్పింది. పోటీ కోసం వాళ్ళ జట్టు ఈ దేశానికి వచ్చింది. తిరుగు ప్రయాణం రోజు పొద్దున హోటల్ ముందు బస్సు ఆగింది. ఎప్పటిలాగే ఆ అబ్బాయి తన పెట్టెతోబాటు ఆమె పెట్టె కూడా మోసుకెళ్ళి బస్సులో పెట్టి, పక్క సీటు ఆమె కోసం అట్టేపెట్టి కూర్చున్నాడు. ఆమె ఆ కమ్యూనిస్టు దేశానికి ఇక తిరిగి వెళ్ళకూడదనుకుని, బూట్ల సంచి భుజాన వేసుకుని వంటశాల మెట్ల మీదుగా వెనక వీధిలోకి దిగింది. అక్కడ ఇంటావిడ బంధువు కారుతో ఉన్నాడు.

"అతనికి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెబితే అతను అధికారులకి చెప్పాలి, లేకపోతే దాచినందుకు శిక్ష అనుభవించాలి. తెలియకపోతేనే అతనికి మేలనుకున్నాను సిస్టర్," అంది. మా దేశంలో నర్సుల్ని సిస్టర్ అంటారని నేనెప్పుడో చెబితే ఆనాటి నుంచి నన్ను ఆ పిలుపే పిలిచేది.

మేలేమీ జరగలేదు. అతనికి తెలిసే ఉంటుందని అక్కడి అధికారులన్నారు. పాస్‌పోర్టు లాక్కున్నారు. ఇంకో జోడీ దొరకలేదు. ఇరవై నాలుగేళ్ళకే ఆట మానేసి ట్రాము బళ్ళ షెడ్డులో పనికి చేరాడని ఇంటావిడకి ఎవరో రాసిన ఉత్తరం వల్ల తెలిసింది. ఆమె అతనికి రాసిన ఉత్తరాలకి జవాబులుండేవి కావు. అవి అతనికి అందేవో లేదో కూడా ఆమెకి తెలియదు.

ఇక్కడ ఆమెకి దొరికిన కొత్త జోడీ మా ఊరివాడే. వాళ్ళ నాన్నకి ఇనుప సామాన్ల కొట్టుంది. కుర్రవాడు పొడుగ్గా, భుజాలు కొంచెం వంగి, సిగ్గరి. రింకులో మంచు చదును చేసే బండి నడిపి, ఆ పనికి బదులుగా తెల్లవారుజామున ఎవరూ రాని వేళ ఆడుకునే హక్కు సంపాదించుకున్నాడు. మొదటి రోజుల్లో వాళ్ళిద్దరి గీతల మధ్య నా రెండు కాళ్ళూ పట్టేంత ఎడం ఉండేది. ఆమె మంచు మీద వంగి చూసి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటికి తీసుకెళ్ళేది. అతను ఒక్కసారీ విసుక్కోవడం నేను చూడలేదు. ఆమె పన్నెండేళ్ళు వేరే మనిషితో నేర్చుకున్న ఒంపుని తన ఒంట్లోకి తెచ్చుకోవడానికి అతను తన పద్ధతంతా మార్చుకున్నాడు. వాళ్ళ మధ్య ప్రేమ ఉందా అని మా వార్డులో అందరూ నన్ను అడిగేవాళ్ళు. నాకు తెలిసినంతలో లేదు. ఒకరి చెయ్యి ఎక్కడుందో చూడకుండానే ఇంకొకరికి తెలిసేది, అంతే. దానికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమెకి ప్రపంచ పోటీలకి వెళ్ళాలని ఉండేది. అమెరికా తరఫున వెళ్ళాలంటే ముందు హంగేరీవాళ్ళు ఆమెని వదులుకుంటున్నామని కాగితం ఇవ్వాలి. ప్రతి సెప్టెంబరులో ఇంటావిడ వాళ్ళ భాషలో ఒక ఉత్తరం రాసేది, ఈమె సంతకం పెట్టేది, నేను ఆసుపత్రికి వెళ్తూ పోస్టులో వేసేదాన్ని. జవాబు రాదు. కాగితం లేకపోతే ఈ దేశంలో జరిగే పోటీల వరకే ఆడొచ్చు. మొదటి ఏడాది దేశ పోటీల్లో పదకొండో స్థానం వచ్చింది, ఆ తర్వాత ఎనిమిది, ఆ తర్వాత ఆరు. ఒకసారి నేనూ వెళ్ళాను. పెద్ద పెద్ద కోట్లు వేసుకుని తొమ్మిదిమంది న్యాయనిర్ణేతలు మంచు పక్కన వరసగా కూర్చుని, ఆట అయ్యీ అవగానే ఆరుకి ఇన్ని అని అంకెలు చూపించేవాళ్ళు. ఆ ఆటలో పేరు ఉన్నవాడు పడిపోయినా కిందకి దిగడనీ, పేరు లేనివాడు ఎంత బాగా ఆడినా ఏడాదికి ఒకటి రెండు మెట్లే ఎక్కనిస్తారనీ ఆమె నాకు చెప్పింది. ఆమె లెక్క ప్రకారం మొదటి ముగ్గురిలోకి రావడానికి ఇంకో రెండేళ్ళు. అప్పటికే ఆమె మేడ మెట్లు దిగేటప్పుడు పక్కకి తిరిగి, కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ దిగుతోంది. నేను ఎముకల వార్డులో పనిచేసేదాన్ని. అలా ఎవరు దిగుతారో నాకు తెలుసు.

నా పెళ్ళి మాటలు కూడా ఆ రోజుల్లోనే నడుస్తుండేవి. ప్రార్థన జరిగే ఇంటివాళ్ళకి దూరపు చుట్టం, నార్త్ కరోలినాలో కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన, నాలుగైదు సార్లు ఫోన్ చేశారు. ఇంకో ఏడాది ఆగుదామని నేనే అన్నాను. కారణం అడిగితే ఉద్యోగమన్నాను. నిజానికి ఆ అమ్మాయి మూడో స్థానం చూసి వెళ్దామని నా మనసులో ఉండేది. ఈ మాట పైకి చెబితే ఆయన నవ్వేవారేమో.

ఐదో ఏడు అక్టోబరులో కాగితం వచ్చింది. రెండే రెండు వాక్యాలు. ఇంటావిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, అభ్యంతరం లేదని రాశారని చెప్పింది. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చుంది. ఇంటావిడ కాగితం మడిచి బల్ల మీద పెట్టి, "వాళ్ళకి ఇంక నువ్వు అక్కర్లేదు. ఇంకా పనికొస్తావనుకుంటే ఇచ్చేవాళ్ళు కాదు," అంది. ఆవిడ మనసు చెడ్డది కాదు. ఆ దేశం ఆవిడకి తెలుసు, అంతే.

కాగితం వచ్చిన వారంలోనే మోకాలు వాచింది. మా ఆసుపత్రిలో పెద్ద డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. సూదితో నీరు తీస్తే ఎర్రగా వచ్చింది. ఎక్స్‌రే వెలుగుకి పట్టుకుని చాలాసేపు చూసి ఆయన, లోపల రెండు ఎముకల మధ్య ఉండాల్సిన మెత్తటి భాగం దాదాపు అరిగిపోయిందనీ, కీలుని పట్టి ఉంచే లిగమెంటు కూడా వదులైందనీ చెప్పారు. ఆమెకి ఇంగ్లీషు బాగానే వచ్చినా నా మొహం వైపే చూస్తోంది.

"ఇది ఎప్పుడు జారిపోతుందో నేను చెప్పలేను," అన్నారాయన. "రేపు కావచ్చు, ఆరు నెలలకి కావచ్చు. జారడం మాత్రం ఖాయం. ఆ క్షణాన నీ బరువు ఎవరి మీద ఉంటుందో ఆలోచించుకో."

తిరిగి వస్తుంటే కారులో ఆమె అడిగింది. "సిస్టర్, అతనికి చెప్పకు."

"నువ్వు చెప్పు మరి."

"చెబితే ఆపేస్తాడు. అతను మంచివాడు, కచ్చితంగా ఆపేస్తాడు. జనవరి దాకా. ఒక్క పోటీ. మూడో స్థానం వచ్చాక నేనే చెబుతాను."

నేను సరేనన్నాను. రోగి సంగతి మూడో మనిషికి చెప్పకూడదని చదువుకునేటప్పుడు మాకు నేర్పారు. ఆ నియమం నాకు చాటు చేసుకోవడానికి బాగా పనికొచ్చింది. అసలు సంగతేమిటంటే, ఐదేళ్ళు ఒక మనిషి రోజూ చీకటితో లేచి దేని కోసం వెళ్తోందో పక్కనుండి చూశాక, నా నోటి మాటతో దాన్ని ఆపడానికి నాకు ధైర్యం చాల్లేదు. ధైర్యం లేకపోవడాన్ని స్నేహమనుకున్నాను. నా దగ్గర ఏ రహస్యమైనా భద్రంగా ఉంటుందని మావాళ్ళలో నాకు పేరు, అందుకు నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ చలికాలం ఇనుప కొట్టువాళ్ళ అబ్బాయి కారు గేర్లు పాడయ్యాయి. అందుకని నా డ్యూటీకి ముందు వాళ్ళిద్దరినీ నేనే నా కార్‌లో రింకుకి తీసుకెళ్ళేదాన్ని. అతను పొడుగు కనక ముందు సీట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు, ఆమె వెనక. అతను రాకముందే ఇంట్లో నా గదిలో ఆమె మోకాలికి గట్టి పట్టీ చుట్టేదాన్ని. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో నాకు తెలుసు. దాని మీద రెండు జతల మేజోళ్ళు వేసుకుంటే ఏమీ కనిపించేది కాదు. దారిలో అతను కొత్త ఆటలోని ఎత్తుడు గురించి చెప్పేవాడు. ఆమెని నడుం దగ్గర పట్టి ఎత్తి, ఒకసారి తిరిగి, ఎడమ కాలి మీద దింపాలి. దింపగానే ఇద్దరూ ఒకే అంచు మీద వంగి సాగిపోవాలి. అది తన ఆలోచనే అని అతనికి గొప్ప. "ఆ ఒక్కటీ చూస్తే జడ్జీలు పెన్ను కింద పెట్టేస్తారు," అనేవాడు. అద్దంలో ఆమె నా కళ్ళలోకి చూసేది. నేను రోడ్డు చూసేదాన్ని.

జనవరిలో దేశ పోటీలు. ఆసుపత్రిలో సెలవు పెట్టి నేనూ వెళ్ళాను, పట్టీ చుట్టడానికి నేను లేకపోతే కుదరదు కనక. మొదటి రెండు రోజులు, అన్ని జంటలూ ఒకే అడుగులు వేసే ఆటలూ, ఒకే లయకి తమ సొంత అడుగులు కూర్చుకునే ఆటా అయ్యేసరికి వాళ్ళు నాలుగో స్థానంలో ఉన్నారు. మూడో జంటకీ వాళ్ళకీ తేడా వెంట్రుకవాసి. ఆమె నా దగ్గరికి వచ్చి నా నుదుటికి తన నుదురు ఆనించింది. ఆమె ఒళ్ళు కాలిపోతోంది. మోకాలు నా రెండు అరచేతుల్లో పట్టనంత అయింది.

చివరి రోజు నాలుగు నిమిషాల ఆట. మూడో నిమిషం దాకా ఒక్క తప్పు లేదు. ఐదేళ్ళలో అంత బాగా వాళ్ళు ఎప్పుడూ ఆడలేదు, నాలాంటి దానికే తెలిసిపోయింది. జనం చప్పట్లు సంగీతంతో కలిసిపోయాయి. అప్పుడు అతను ఆమెని ఎత్తాడు, తిరిగాడు, దించాడు. ఆమె ఎడమ కాలు మంచుకి తగిలింది, మోకాలు పక్కకి పోయింది. కర్ర విరిగినట్టుగా కాదు, తడిగుడ్డ జారినట్టుగా పోయింది. వాళ్ళు వెళ్తున్న వేగానికి ఆమె తల నేరుగా రింకు చుట్టూ ఉండే గోడకి కొట్టుకోవాలి. అతను ఆమె నడుం వదలలేదు. తన ఒంటిని మెలితిప్పి గోడకీ ఆమెకీ మధ్యకి వెళ్ళాడు. అతని కుడి కాలు బ్లేడు మంచులో దిగబడి అక్కడే ఉండిపోయింది, మనిషి తిరిగిపోయాడు. ఆ చప్పుడు పైన నా సీటు దాకా వినిపించింది. సంగీతం ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరో ఆపారు.

అతని చీలమండ మూడు చోట్ల విరిగింది. రెండుసార్లు ఆపరేషన్ చేశారు, మేకులు వేశారు. నడవగలడు గానీ స్కేటింగ్ బూటులో ఇంక ఆ కాలు పట్టదని తేలింది. ఆమెకి తల మీద చిన్న గాయం కూడా లేదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం కర్రల సాయంతో అతను మా వార్డుకి వచ్చాడు. చికిత్స కోసమనుకున్నాను. నా బల్ల ముందు నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, మెల్లిగా అడిగాడు. "మీకు తెలుసా?"

"తెలుసు," అన్నాను.

"ఎప్పటినుంచి?"

"అక్టోబరు నుంచి."

కోప్పడతాడని నేను సిద్ధపడ్డాను. కోప్పడలేదు. "నేను ఆపేసేవాణ్ణని ఆమె అనుకుంది. ఆపేవాణ్ణి కాదు," అన్నాడు. "ఆమె ఆడాలంటే ఆడేవాణ్ణి. ఆ ఎత్తుడు ఒక్కటీ తీసేసేవాణ్ణి. అంతే." తలుపు తీయడానికి లేవబోయాను, అక్కర్లేదని తనే భుజంతో తోసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత వాళ్ళ నాన్న కొట్లో కూర్చునేవాడు. నేను ఆ ఊళ్ళో ఉన్నంతకాలం మేకు కావాలన్నా పక్క ఊరు వెళ్ళి కొనుక్కున్నాను.

ఆమెకి ఆ మాట నేను చెప్పలేదు. మళ్ళీ చెప్పలేదు, చూడండి. ఎత్తుడు తీసేస్తే సరిపోయేదని తెలిస్తే ఆ మనిషి బతకదనుకున్నాను. ఆమె మోకాలికి ఆపరేషన్ అయింది. ఆ కాలంలో పొడుగ్గా కోసి, నెలల తరబడి కట్టులో ఉంచేవాళ్ళు. ఆ తర్వాత ఒక షాపింగ్ మాల్ మధ్యలో ఉన్న చిన్న రింకులో పిల్లలకి నేర్పడానికి చేరింది. ఒకసారి వెళ్ళి చూశాను. పొడుగు కోటు వేసుకుని, ఒక చెయ్యి చుట్టూ ఉన్న గోడ మీద ఆనించి, ఐదారేళ్ళ పిల్లలకి పడటం నేర్పుతోంది. మొదటి పాఠం అదేనట, ఒంటికి దెబ్బ తగలకుండా ఎలా పడాలో. పిల్లలు పడి నవ్వుతున్నారు, ఆమె నవ్వడం లేదు. చుట్టూ జనం సంచులు పట్టుకుని ఐస్‌క్రీమ్ తింటూ తిరుగుతున్నారు. ఆ ఇంట్లో ఇద్దరం ఇంకో ఏడాది ఉన్నాం. ఒకరికొకరం ఉప్పు అందించుకున్నాం, మంచు తవ్వుకున్నాం, పుట్టినరోజులకి కార్డులు ఇచ్చుకున్నాం. ఆ పోటీ మాట మాత్రం మా మధ్య ఎప్పుడూ రాలేదు.

నేను పెళ్ళి చేసుకుని నార్త్ కరోలినా వచ్చేశాను. ఎనభైల చివర్లో తూర్పు యూరప్ దేశాల తలుపులు తెరుచుకుంటున్న రోజుల్లో ఆమె బుడాపెస్ట్ వెళ్ళొచ్చి నాకు ఫోన్ చేసింది. మొదటి జోడీ అబ్బాయిని వెతికి పట్టుకుందట. షెడ్డు పక్కన కాఫీ కొట్లో కలిశారు. అతనికి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఆమెకి కాఫీ తెప్పించాడు, చలిగా ఉందా అని అడిగాడు, ప్రయాణం ఎలా జరిగిందని అడిగాడు.

"ఇంకేమడిగాడు?" అన్నాను.

"ఇంకేమీ అడగలేదు సిస్టర్. పదేళ్ళు జవాబు తయారుచేసుకున్నాను. అడగనే లేదు. డ్యూటీకి టైమైందని లేచి, నా కోటు అందించి వెళ్ళిపోయాడు."

ఆ తర్వాత రెండు క్రిస్మస్‌లకి కార్డులు వచ్చాయి. ఇంటావిడ పోయిందని ఒకదాంట్లో రాసింది. మూడో ఏడు నేను పంపింది తిరిగొచ్చింది, ఆ చిరునామాలో అలాంటివారు లేరని ముద్ర వేసి. మా అమ్మాయి ఈ మధ్య కంప్యూటర్‌లో వెతికిపెడతానంది. పేరు చెప్పమంది. వద్దన్నాను.

ఇప్పుడు కాలం వేరు. ఆ మోకాలికి ఇవాళ రెండు చిన్న చిల్లులు పెట్టి లోపల బాగుచేసి సాయంత్రానికి ఇంటికి పంపించేస్తున్నారు. ఒక దేశంలో పుట్టినవాళ్ళు ఇంకో దేశం జెండా కింద ఆడటం మామూలైపోయింది. మా మనవరాలి ఈడు పిల్లలు కడుపులో మాట కడుపులో ఉంచుకోరు. కాలు నొప్పన్నా, మనసు బాలేదన్నా, అందరికీ వినబడేలా చెప్పేస్తారు. మా తరం దాన్ని చూసి పెదవి విరుస్తుంది. నేను విరవను. రిటైరయ్యేదాకా నా కింద పనిచేసిన చిన్న నర్సులు ఎవరైనా, మీకొక్కరికే చెబుతున్నాను అని మొదలుపెడితే, చెప్పకమ్మా, చెబితే నేను దాచను అనేదాన్ని. గట్టి మనిషని పేరొచ్చింది. మెల్లిగా నా దగ్గరికి రావడం మానేశారు. మనుషులు నా దగ్గర మనసు విప్పే ఆ పాత సుఖాన్ని అలా పోగొట్టుకున్నాను, తిరిగి రాలేదు.

చెప్పడానికి నాకు పదకొండు వారాలు ఉన్నాయి. ఆదివారాలు తీసేస్తే రోజూ పొద్దున్నే పావుగంట ప్రయాణం, అతను నా పక్క సీట్లో, ఆమె వెనక. కారులో మాట్లాడుకోవడానికి వీల్లేని రోజు ఒక్కటీ లేదు.